నంబరు చెరిగిన చొక్కా

జూన్ 4

పిన్నీ,

ఫోను చేసి చెప్పే వీలుంటే ఈ పాటికి రెండు ముక్కల్లో తేలిపోయేది. ఆ గార్మెంట్సు ఫ్యాక్టరీ మిషన్ల రొద నీ చెవుల్ని తినేసింది. నీకు వినబడేలా అరిచానంటే కింద అంతస్తు వాళ్ళు కూడా తలుపులు తీసి నిలబడతారు. పైగా మా గదికీ అత్తయ్య గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలక. ఆవిడ అటు ఆవులిస్తే నాకు ఇటు నిద్రొస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

మొన్న ఐదో నెల చెకప్‌కి వెళ్ళాను. బిడ్డ బాగానే ఉంది, గాభరా పడకు. డాక్టరమ్మ చూస్తూ చూస్తూ మధ్యలో ఆగిపోయి, "ఈ పులిపిర్లు ఎప్పటినుంచి ఉన్నాయి?" అంది. నేను వేడికి లేచిన పొక్కులు అనుకుని ఊరుకున్నాను. ఏదో చిన్న పుల్లతో తుడిచి పరీక్షకు పంపింది. ఇవాళ రిజల్టు చెప్పింది. హెచ్‌పీవీ అనే వైరస్ ఉందట. ఆ తర్వాత ఆవిడ చాలాసేపే మాట్లాడింది గానీ, నా చెవులు కూడా నీ చెవుల్లాగే అయిపోయాయి. "మీ ఆయన్ని కూడా ఒకసారి తీసుకురా" అన్న మాటొక్కటే వినబడింది.

అక్కణ్ణుంచి తిన్నగా డ్యూటీకి వెళ్ళాను. బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్నవాళ్ళకి ఏడవడానికి కూడా తీరిక దొరకదు. మైకులో ఐదో ప్లాట్‌ఫారం అనబోయి ఐదో నెల అన్నాను. క్యూలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన "శుభం తల్లీ, మా బస్సెప్పుడు మరి?" అన్నాడు.

ఈయనకి ఇంకా చెప్పలేదు. పక్క జిల్లాలో కొత్త బిల్డింగుకి లిఫ్టు బిగించే పనిలో ఉన్నాడు, శనివారాలు మాత్రమే వస్తున్నాడు. అమ్మ పోయాక నాకు ఏం జరిగినా ముందు నీకే చెప్పడం అలవాటైంది కాబట్టి చెబుతున్నాను. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు.

నీ పిచ్చుక


జూన్ 9

ఏమే పిచ్చుకా,

పులిపిర్లా! దీనికా నువ్వు చేంతాడంత ఉత్తరం రాసింది? సగం చదివేసరికి బిడ్డకేమైనా అయిందేమోనని మళ్ళీ మొదటినుంచీ చదివాను. టీ కప్పు కింద పెట్టేశాను, చల్లారిపోయింది. ఆ పాపం నీదే.

నీకు చిన్నప్పుడు మోచేతి మీద లేవలేదూ? నేను గుర్రపు వెంట్రుక కట్టలేదూ? అదే ఎండి రాలిపోయింది. అప్పుడూ ఇలాగే ఇల్లు పీకి పందిరేశావు. ఈ రోజుల్లో డాక్టర్లకి ఏది చూసినా వైరసే. మా ఫ్లోర్ మేనేజరుకి తుమ్మొస్తే వైరసు, జీతాలు ఆలస్యమైతే అదీ వైరసే.

ఎవరితోనూ అనొద్దన్నావు కదా, అందుకే ఇద్దరికే చెప్పాను. కేంటీనావిడ సున్నం చుక్క పెట్టమంది. ఇస్త్రీ సెక్షన్ ఆవిడేమో సున్నం వద్దు మచ్చ పడుతుంది, గుర్రపు వెంట్రుక దొరక్కపోతే గట్టి సిల్కు దారమైనా చాలు అంది. నాకూ అదే నచ్చింది. మన ఎక్స్‌పోర్టు చొక్కాలకి వాడే దారం ఈ కవర్లో పెట్టాను, మూడు మూరలు. పులిపిరి మొదట్లో బిగించి ముడేసి ఇక దాని జోలికి పోకు. నీకు కడుపు అడ్డమొస్తే మీ అత్తగారిని కట్టమను. ఆవిడ చెయ్యి గట్టిది.

మీ ఆయన్నెందుకు తీసుకురమ్మన్నారు? ఆయనకీ లేచాయా? అయితే దారం సగం ఆయనకివ్వు.

వేళకి తిను. నిలబడి నీళ్ళు తాగకు.

మీ పిన్ని


జూన్ 14

పిన్నీ,

నీ దారం అందింది. దాన్ని చేతిలో పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక మంచం మీద కూర్చుండిపోయాను.

ఇద్దరికే చెప్పావా? మీ ఫ్యాక్టరీలో కేంటీనుకి చెబితే మైకులో చెప్పినట్టే. నీ దగ్గరకంటే నా ఎంక్వైరీ కిటికీలో రహస్యాలు ఎక్కువ దాగుతాయి.

సరే, విను. తప్పు నాదే, సిగ్గుపడి సగమే రాశాను. ఆ పులిపిర్లు మోచేతి మీద లేవు. మోకాలి మీదా లేవు. బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర ఉన్నాయి. ఇప్పుడు చెప్పు, మా అత్తయ్యను పిలిచి దారం కట్టమననా?

ఇవాళ మళ్ళీ వెళ్ళి డాక్టరమ్మను అన్నీ మొదటినుంచీ చెప్పమన్నాను. పాపం ఓపిగ్గా చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో మార్పుల వల్ల ఈ పులిపిర్లు పెరుగుతాయట. చల్లటి గ్యాసు కొట్టి గడ్డకట్టించి రాల్చేస్తారు. అది చేశారు కూడా. మంటపెట్టింది, ఓర్చుకున్నాను. బిడ్డకి అంటడం చాలా అరుదట, దీని కోసమని కడుపు కోయక్కర్లేదట. కానీ ఇంకోటుంది. గర్భసంచి మూతి దగ్గర కణాల్లో కొంచెం తేడా కనబడిందట. భూతద్దం లాంటి మిషను పెట్టి చూస్తారు. కేన్సరు కాదు పిన్నీ, ఆ మాట ఆవిడ రెండుసార్లు చెప్పింది. పట్టించుకోకుండా వదిలేస్తే ఎన్నో ఏళ్ళకి అటు తిరగొచ్చు కాబట్టి కనిపెట్టుకుని ఉండాలంది. వైద్యం ఏమైనా అవసరమైతే కాన్పు అయ్యాకే.

ఇక అసలు సంగతి. ఇది మొగుడూ పెళ్ళాల మధ్య చర్మానికి చర్మం తగిలి అంటుకునేది. అందుకే ఈయన్ని తీసుకురమ్మంది. అప్పటినుంచీ నాకు కేన్సరు భయం సగం, ఈయన భయం సగం. శనివారం వచ్చినప్పుడు ఆయన సంచీలో బట్టలు తీసి ఉతకడానికి వేస్తూ ఒక్కొక్క జేబూ తడిమి చూశాను. రెండు నట్లు, ఒక బోల్టు, నాకోసం కొన్న దువ్వెన దొరికాయి. దువ్వెన చూసి కూడా ఎందుకు కొన్నాడా అని అనుమానమే వచ్చింది. నేనిలాంటిదాన్ని కాదు కదా పిన్నీ. వచ్చే శనివారం చెబుతాను.

నీ పిచ్చుక


జూన్ 19

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాక నాకు తిండి సయించలేదు. కేంటీనావిడకీ ఇస్త్రీ ఆవిడకీ నీకు తగ్గిపోయిందని చెప్పేశాను. ఇస్త్రీ ఆవిడ "చూశావా నా దారం మహిమ" అంటోంది. అననీ.

ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పనేంటో నీకు తెలుసు కదా. కుట్టిన ప్రతి చొక్కా నా బల్ల మీదికొస్తుంది. కాలరు లోపల వేలెడంత చీటీ ఉంటుంది, దాని మీద మిషను నంబరు. కుట్టు ఎక్కడ జారినా నేను ముందు కుట్టు చూడను, నంబరు చూస్తాను. ఆ మిషను దగ్గరకెళ్ళి చొక్కా మొహం మీద పరుస్తాను. "నేను కాదు" అన్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. నంబరుంటే ఇంక మాటలేముంటాయి?

నీ ఒంట్లో తప్పు పడింది. అది గాల్లోంచి ఊడిపడలేదు. ఎవరి మిషనో తేలాలి. నువ్వు బస్టాండుకీ ఇంటికీ తప్ప గడప దాటనిదానివి. ఆయనేమో వారానికో ఊరు, ఊరికో లాడ్జి. దీనికి డాక్టరు కావాలా, నేను చాలు. నిప్పు లేందే పొగ రాదు.

శనివారం దాకా ఆగడమెందుకు? దువ్వెన కొన్నాడట దువ్వెన! మీ బాబాయి ఉన్నన్నాళ్ళూ నాకో దువ్వెన కొన్న పాపాన పోలేదు, అయినా ఆయన మీద నాకు ఇసుమంత అనుమానం రాలేదు. తప్పు చేసినవాడే దువ్వెనలు కొంటాడు.

నువ్వు మెత్తనిదానివి, అడగలేవు. నువ్వు అడగలేకపోతే నేను అడుగుతా.

మీ పిన్ని


జూలై 2

పిన్నీ,

అడుగుతానంటే ఏదో కోపంలో అన్నావనుకున్నాను. నిజంగా ఆయనకి ఉత్తరం రాస్తావా? రాసినదానివి ఆయన పనిచేసే చోటికి రాయకూడదూ, ఇంటికే రాయాలా? మా అత్తయ్యది ఒకటే సిద్ధాంతం, ఇంటికొచ్చిన ఉత్తరం ఇంటిదే. కళ్ళజోడు తుడుచుకుని, పలక అవతల కూర్చుని, పైకి చదివింది. "అల్లుడుగారూ, మీరు ఊరూరా తిరిగి తెచ్చిన రోగం కడుపుతో ఉన్న మా పిల్లకి అంటించారు, దీనికి మీరేం సమాధానం చెబుతారు" అని నీ మాటలు ఆవిడ గొంతులో విన్నాను.

ఇందులో అన్యాయమేంటో తెలుసా? అప్పటికే నేను ఆయనకి చెప్పేశాను. శనివారం చెప్పాను. ఆయన లేచివెళ్ళి బాగానే ఉన్న కుళాయిని విప్పి బిగించాడు. ఆ తర్వాత వచ్చి "నా వల్లేనా?" అన్నాడు. తెలియదన్నాను. ఎందుకంటే డాక్టరమ్మ అదే చెప్పింది. ఇది ఒంట్లో చేరి ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా పడి ఉంటుందట. పెళ్ళికి ముందుదైనా కావచ్చు, ఎప్పుడు ఎవరినుంచి వచ్చిందో చెప్పే పరీక్ష లేదట. "అయితే నీ వల్ల కూడా కావచ్చా?" అన్నాడు. కావచ్చన్నాను. నా సంగతి నువ్వు అడగకు పిన్నీ, నేను చెప్పను. ఆయన సంగతి నేను అడగలేదు. ఆయనే లేచి టీ పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. అంతే, అక్కడితో అయిపోయేది.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. మా అత్తయ్య ఆయన్ని ఉన్నపళంగా పిలిపించింది. ఆయన చదివి, మడతపెట్టి, నాతో ఒక్క మాటే అన్నాడు. "నా మొహం మీద తెలియదన్నావు. మీ పిన్నికి రాసింది మాత్రం ఇదన్నమాట." నేను అలా రాయలేదంటే నమ్మడానికి ఆయన దగ్గర ఏముంది చెప్పు? పనిముట్ల పెట్టె సర్దుకుని, లిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉంటానని వెళ్ళిపోయాడు. శనివారం రాలేదు. ఫోను ఎత్తుతాడు, "తిన్నావా" అంటాడు, పెట్టేస్తాడు. ఆలూ లేదు చూలూ లేదంటారు. నాకు చూలైతే ఉంది, ఆయనే లేడు.

మా అత్తయ్య నా గ్లాసు వేరే పెట్టింది. బకెట్టు వేరే, సబ్బు వేరే. గ్లాసు వల్ల రాదత్తయ్యా అంటే, "దేనివల్ల వస్తుందో మీ పిన్ని విడమరిచి రాసిందిలే" అంటోంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు పిన్నీ? అందరికీ తీర్పులు చెబుతున్నావు. ముప్ఫై దాటిన ఆడవాళ్ళందరూ ఈ పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ గోడకి అంత పెద్ద బొమ్మ తగిలించింది. నీకు యాభై రెండు. ఎప్పుడైనా చేయించుకున్నావా? ముందు ఆ పని చెయ్యి. నాకు మాత్రం కొన్నాళ్ళు ఉత్తరం రాయకు.

పిచ్చుక


జూలై 8

పిచ్చుకకి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నేను పెంచినదానివి నువ్వు, నువ్వు పెంచినదాన్ని నేను కాదు.

మీ అత్తగారు చదువుతుందని నాకేం తెలుసు? వదినగారు కళ్ళజోడు లేనిదే పేపర్లో బొమ్మలు కూడా చూడదని నువ్వే కదా చెప్పావు. ఉత్తరం ఆవిడ చేతిలో పడినందుకు తప్ప మిగతా దేనికీ నేను నొచ్చుకోను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. తప్పు లేనివాడైతే పెట్టె సర్దుకుని ఎందుకు పోతాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది ఎవరు?

నీ సంగతి అడగొద్దన్నావు. ఏం సంగతి? నీకు నాకు తెలియని సంగతులు ఎప్పుడు పుట్టాయి? చెప్పు.

ఇకపోతే ఆ పరీక్ష. నాకా! మీ బాబాయి పోయి పన్నెండేళ్ళు. ఆయనకి ముందు ఎవరూ లేరు, తర్వాతా లేరు. ఆయనకీ అంతే, ఫ్యాక్టరీ గేటు, ఇల్లు, ఇంటి ముందు కుర్చీ. నాకెందుకే ఆ పరీక్ష? అయినా చేయించుకుంటాను. ఎందుకో తెలుసా? మా ఫ్లోరులో ప్రతి రకం చొక్కాకీ ఒక శాంపిల్ పీసు వేలాడదీస్తాం. తప్పు కుట్టినవాళ్ళు వాదిస్తే, వాళ్ళ చొక్కా పక్కన శాంపిల్ పెట్టి చూపిస్తాం. సరైన సంసారం చేసినవాళ్ళకి ఈ వైరసులూ గిరసులూ ఉండవని నీకూ మీ డాక్టరమ్మకీ నేనే చూపిస్తాను. ఫ్యాక్టరీకి వచ్చే నర్సమ్మను అడిగాను, సోమవారం రమ్మంది. రిజల్టు రానీ, అప్పుడు మాట్లాడతా.

గ్లాసు వేరే పెట్టిందా ఆవిడ? నీ గ్లాసు నువ్వే తెచ్చుకుని ఆవిడ గ్లాసు పక్కనే పెట్టు. రోజూ పెట్టు.

మీ పిన్ని


జూలై 21

పిన్నీ,

ఒళ్ళు మండి రాయకూడదనుకున్నాను. నాకు వేరే ఎవరున్నారు గనక?

భూతద్దం పరీక్ష అయింది. తేడా చిన్నదేనట, ఇప్పుడు ఏమీ చేయక్కర్లేదు, కాన్పు అయ్యాక మళ్ళీ చూస్తామన్నారు. చాలామందికి దానంతట అదే సర్దుకుంటుందట. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. మంచి వార్త విని ఏడవడమేంటని పక్కనున్నామె అడిగింది. మంచి వార్త చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు, అదీ ఏడుపు. ఈయనకి ఫోను చేసి చెప్పాను. "హమ్మయ్య" అన్నాడు. ఆ హమ్మయ్యలో అంత ఊపిరి ఉంది పిన్నీ, నాకు తెలుసు. ఆ వెంటనే "మీ పిన్నికి కూడా చెప్పు" అని పెట్టేశాడు.

నీ శాంపిల్ పీసు కథ చదివి తల పట్టుకున్నాను. ఇది సరైన సంసారానికీ కాని సంసారానికీ పెట్టే పరీక్ష కాదు పిన్నీ. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కోప్పడకు, నీ చెవుల గురించి అనలేదు, నీ మొండితనం గురించి అన్నాను.

గ్లాసు సంగతి నువ్వు చెప్పినట్టే చేశాను. రోజూ ఆవిడ గ్లాసు పక్కన పెడుతున్నాను, రోజూ ఆవిడ జరుపుతోంది. వంటగదిలో మేం మాట్లాడుకునేది ఇప్పుడు ఆ గ్లాసులతోనే. నిన్న మాత్రం డ్యూటీనుంచి వచ్చేసరికి నా కాళ్ళు వాచి ఉన్నాయని చూసి, వేరే బకెట్టులోనే అనుకో, వేడినీళ్ళు పెట్టింది. "కడుపులో ఉన్నది మా వాడి బిడ్డ కాబట్టి" అని కూడా అంది. అనకపోతే ఆవిడ సొమ్మేం పోయింది?

ఆయన రాకుండానే కాన్పు అయిపోతుందేమోనని భయంగా ఉంది. ఏదో పెద్ద గొడవ పడి విడిపోయినవాళ్ళలా కూడా కాదు. తెలియని సంగతి ఒకటి మా ఇద్దరి మధ్య తలుపులా నిలబడింది, ఎవరం తీయాలో తెలియడం లేదు.

నా సంగతి అడిగావు. చెప్పనన్నానుగా.

నీ పిచ్చుక


ఆగస్టు 5

పిచ్చుకా,

నా రిజల్టు వచ్చింది. నాకూ ఉంది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. నర్సమ్మ చెబుతుంటే నాకు వినబడలేదని మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ చెప్పింది. కాగితం చూపించింది. ఇంకెవరిదో అయ్యుంటుందన్నాను. ఎన్నేళ్ళ క్రితం చేరిందైనా కావచ్చమ్మా, ఎప్పుడో అణిగి ఉండి వయసు మీదపడ్డాక లేస్తుంది, ఎవరి వల్లో చెప్పలేం అంది. మీ డాక్టరమ్మ చెప్పిందే, ముక్క పొల్లు పోకుండా. ఇప్పుడు నాకూ ఆ భూతద్దం పరీక్ష చేయాలట.

ఇంటికొచ్చి మీ బాబాయి ఫోటో కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిలదీశాను. ఆయన మాట్లాడడు. బతికున్నప్పుడూ అంతే అనుకో. ఆ మూడు రోజులూ నేను చేసిన పని ఇదీ: ఆయన ఆలస్యంగా వచ్చిన ప్రతి సాయంత్రం గుర్తు చేసుకున్నాను. ఫ్లోరులో ఆయనతో నవ్వుతూ మాట్లాడిన ఆడవాళ్ళందరినీ లెక్కేసుకున్నాను. అందులో ఒకామె నా పెళ్ళికి చీర పెట్టింది. నన్ను చేసుకోకముందు ఆయన రెండేళ్ళు వేరే ఊళ్ళో పనిచేశాడు, ఆ రెండేళ్ళూ ఏం చేశాడో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపించింది. ఇంత ప్రేమగా చూసుకున్న మనిషిని, చచ్చి పన్నెండేళ్ళయ్యాక, దొంగలా నిలబెట్టాను. ఫోటోకి దండ మార్చే రోజు వస్తే మార్చబుద్ధి కాలేదు. మూడో రోజున నామీద నాకే అసహ్యమేసి భోరుమన్నాను. ఆయన కాదో అవునో నాకెప్పటికీ తెలియదు. తెలిసినది ఒకటే, నాకు జ్వరమొస్తే ఆయన సెలవు పెట్టేవాడు.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. మా బల్ల మీదికి అప్పుడప్పుడూ కాలరులో చీటీ తడిసి నంబరు చెరిగిపోయిన చొక్కాలు వస్తాయి. తప్పు కనబడుతూ ఉంటుంది, చేసింది ఎవరో తెలియదు. నేను కొత్తలో వాటిని పట్టుకుని ఫ్లోరంతా తిరిగేదాన్ని. చొక్కాలు చెక్ చేసే మా పెద్దావిడ పిలిచి తిట్టింది. అలాంటివాటిని ఏం చేస్తామో తెలుసా? విప్పి మళ్ళీ కుట్టిస్తాం. అంతే. ఎవరినీ అడగం. ఆ చొక్కాలూ మిగతావాటితో పాటే పెట్టెలోకి వెళ్తాయి. నీకు మాత్రం నంబరున్న చొక్కాల కథే చెప్పాను.

అల్లుడుగారికి ఇవాళే ఉత్తరం రాశాను. మళ్ళీ ఇంటికే రాశాను, మర్చిపోయి కాదు. మీ అత్తగారు పైకి చదువుతుందని తెలిసే రాశాను. ఏం రాశానంటే: "అల్లుడుగారూ, మీ మీద వేసిన నింద నాది, మా పిల్లది కాదు. అది నాకు ఏ ఉత్తరంలోనూ మీ వల్లేనని రాయలేదు, తెలుసన్నది నేను. ఇప్పుడు నాకూ అదే వైరసు ఉందని తేలింది. నేను మీ మావగారితో తప్ప సంసారం చేయలేదు. ఇప్పుడు నన్ను ఏమంటారో అనండి, మీ మావగారిని ఏమంటారో అనండి. అనలేకపోతే ఇంటికి రండి." వదినగారు చదివి నా గ్లాసు కూడా వేరే పెడతానంటే పెట్టనీ.

పిచ్చుకా, ఆ పరీక్ష చేసేటప్పుడు నొప్పి పుడుతుందా? ఎంతసేపు పడుతుంది? మగ డాక్టరు ఉంటాడా? చెవులు వినబడవు కదా, వాళ్ళు కాలు ఇటు పెట్టమంటే నేను అటు పెడతానేమో. ఫ్యాక్టరీలో ఎవరినీ తోడు రమ్మనలేను, ఇస్త్రీ ఆవిడ దారం తెస్తుంది.

నాకు భయంగా ఉందే.

మీ పిన్ని


ఆగస్టు 12

పిన్నీ,

ముందు పరీక్ష గురించి. నొప్పి కాదు, కాస్త ఇబ్బంది. పైన సీలింగు ఫ్యాను చూస్తూ పడుకో, రెక్కలు లెక్కపెట్టు, మూడే ఉంటాయి, మళ్ళీ మొదలుపెట్టు. ఏదో మందు పూసినప్పుడు చురుక్కుమంటుంది. ఆడ డాక్టరే. చేతులు వెచ్చగా ఉంటాయి. నీకూ కేన్సరనేం కాదు, చూసి చెబుతారంతే. ఇన్నాళ్ళకైనా చూపించుకున్నావు, అది చాలా మంచి పని.

ఇక మా ఇంటి సంగతి. నీ ఉత్తరం వచ్చింది. మా అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుంది, పలక అవతల కూర్చుంది, మొదలుపెట్టింది. "నింద నాది" దాకా పైకి చదివింది. ఆ తర్వాత గొంతు తగ్గింది. ఆ తర్వాత వినబడలేదు. నేను పలకకి చెవి ఆనించాను, సిగ్గు లేకుండా. ఆవిడ లేచి తిన్నగా నా గదిలోకొచ్చి మంచం చివర కూర్చుంది. "మీ మావగారు పోయి తొమ్మిదేళ్ళు" అంది. కొంగు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "ఆ పరీక్ష నాకూ చేస్తారా?" అంది.

ఆ సాయంత్రం వంటగదిలోకి వెళ్తే గ్లాసులు కలిసిపోయి ఉన్నాయి. ఏది నాదో ఏది ఆవిడదో నాకే తెలియలేదు.

ఆవిడే కొడుక్కి ఫోను చేసింది. నీ ఉత్తరం మొత్తం పైకి చదివి వినిపించింది, "అనలేకపోతే ఇంటికి రండి" దగ్గర రెండుసార్లు చదివింది. శనివారం వచ్చాడు. పనిముట్ల పెట్టె ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు. నేను మొదలుపెడదామనుకున్న మాట ఆయనే మొదలుపెట్టాడు. "పెళ్ళికి ముందు..." అన్నాడు. నేను వద్దన్నాను. "నీకు చెప్పాలని ఉంటే చెప్పు, నేను విచారణ చేయను. నాదీ అడగకు" అన్నాను. "చెప్పాలని లేదు" అన్నాడు. "అయితే టీ పెట్టు" అన్నాను. ఈసారి చక్కెర మర్చిపోయాడు. ఇంకా కాస్త బెరుగ్గానే ఉన్నాడు పిన్నీ, నేనూ అంతే. రాత్రి బిడ్డ తంతుంటే చెయ్యి పెట్టి చూశాడు. నీమీద కోపం పూర్తిగా పోలేదట. పోయాక చెబుతానన్నాడు.

నీ పరీక్ష ఇక్కడే చేయిద్దాం, డాక్టరమ్మతో మాట్లాడాను. ఇరవయ్యో తారీకు, అదే రోజు అత్తయ్యకీ రాయించాను. నువ్వు ముందు రోజు బస్సెక్కు, ఐదో ప్లాట్‌ఫారం దగ్గర దిగుతావు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. కోపం పోకపోయినా సంచీ మోయడానికి ఈయన వస్తాడు. దారం తేకు.

ఆస్పత్రిలో బెంచీ పొడుగ్గానే ఉంటుంది, ముగ్గురం పడతాం. అత్తయ్య ఒక పక్క, నువ్వు ఒక పక్క, మధ్యలో ఏడో నెల కడుపేసుకుని నేను. లోపలినుంచి పిలిచినప్పుడు నీకు వినబడదని బెంగ పెట్టుకోకు. నేను మోచేత్తో పొడుస్తాను.

నీ పిచ్చుక